కణములోని కావలి: హెచ్.ఐ.వి. ఎత్తులు

ఆరోగ్య ప్రసంగములు విన్న శ్రోతలు మమ్ము అడుగు ప్రశ్నలు పలు విధములు. వానిలో ఒకటి మాత్రము ఏ ఊరినుండి వచ్చినను ఇంచుమించు ఒకే రూపమున నుండును. మనిషి ఒంటిలో రోగముతో పోరాడు శక్తి సహజముగనే కలదని చెప్పుదురు గదా, హెచ్.ఐ.వి. సోకినవారిలో ఆ శక్తి ఏమైపోయినది? ఇదియే ఆ ప్రశ్న. తిరువూరు ప్రాంతపు పెనుగొలను మొదలుకొని మన పల్లెలలో ఎచ్చటనైనను దీనికి వినవచ్చు సమాధానములు రెండు. నెత్తురులో సత్తువ లేకపోయినదని కొందరందురు. నడవడి చెడినందుకు తగిన శాస్తి యని మరికొందరందురు. మొదటి మాట నమ్మినవాడు బలపు మందులు అమ్మువాని వాకిట నిలుచును. రెండవ మాట నమ్మిన ఇంటివారు రోగికి కంచము, చెంబు వేరుచేయుదురు. ఈ రెండు సమాధానములును సత్యమునకు దూరములే.

గత ఇరువదియైదు సంవత్సరములలో శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు చాలవరకు స్పష్టమైన జవాబును సాధించిరి. ఆ శక్తి ఎక్కడికిని పోలేదు. ధనికుడు, పేద, కండగలవాడు, బక్కపలుచనివాడు అను భేదము లేక మనలో ప్రతివారి జీవకణములలోను ఈ వైరస్‌ను అడ్డగింపగల కావలివారు పుట్టుకతోనే కలరు. వైరస్ వారిని ఒక్కొక్కరినే పట్టి పనిచేయనీయకున్నది. అందుకై అది వెంట తెచ్చుకొను ఆయుధములు నాలుగైదు చిన్న మాంసకృత్తులు మాత్రమే. తక్కిన పనిముట్లన్నియు మన కణములోనివే. ఈ సంగతి తెలిసినవారికి రోగిని చూచు చూపు మారును. మందు విలువయు తెలియును. కావున దీనిని కొంత వివరముగా చెప్పదలచితిమి.

ముందుగా వైరస్‌ను గూర్చి రెండు మాటలు. 1983లో పారిస్ నగరమున పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారే-సినూసీ, ల్యూక్ మోంటానియే అను శాస్త్రజ్ఞులును, వారి సహచరులును దీనిని వేరుపరచిరి. ఆ ఇరువురకు 2008లో నోబెల్ బహుమానము లభించినది. మన దేశమున 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె విద్యార్థిని నిర్మల చేసిన రక్తపరీక్షలలో ఈ వైరస్ మొదటిసారి బయటపడినది. ఆకారమున ఇది అత్యల్పమైనది. మానవుని వంశలిపిలో సుమారు 300 కోట్ల అక్షరములు, మాంసకృత్తులను నిర్మింపజేయు జన్యువులు ఇరువది వేల వరకు కలవు. హెచ్.ఐ.వి. లిపిలోని అక్షరములు సుమారు 9,700, జన్యువులు తొమ్మిది. ఇంత చిన్న పెట్టుబడితో అంత పెద్ద సంసారమును ఎట్లు కూల్చుచున్నదనునదే ఆశ్చర్యము.

ఆ తొమ్మిదింటిలో మూడు జన్యువులు వైరస్ శరీరమును, దానికి వలసిన ఎంజైములను తయారుచేయును. రెండు జన్యువులు ఆ తయారీ ఎంత, ఎప్పుడు అను లెక్క చూచును. మిగిలినవి నాలుగు. వాని పేర్లు విఫ్, వి.పి.ఆర్., వి.పి.యు., నెఫ్. మొదట వీనిని శాస్త్రజ్ఞులు అంతగా లక్ష్యపెట్టలేదు. ప్రయోగశాలలో గాజుపాత్రలలో పెంచిన కొన్ని కణములలో ఈ నాలుగును లేకున్నను వైరస్ చక్కగా పెరుగుచుండెను. అందుచేత వీనికి సహాయక మాంసకృత్తులని పేరు పెట్టిరి. వంటకు ఉప్పు లేకున్నను పొయ్యి మండును గదా, ఇవియు అటువంటివేనని తలచిరి. కాని మనిషి శరీరములో ఇవి లేనిదే వైరస్‌కు బ్రదుకు గడువదని తరువాత తేలినది.

వైరస్ తానుగా పెరుగలేదు. రక్తములో సి.డి.4 అను గుర్తుగల తెల్లకణములున్నవి. రోగనిరోధక సైన్యమునకు ఇవి సేనానుల వంటివి. వైరస్ ఆ గుర్తును పట్టుకొని కణములోనికి చొచ్చును. దాని లిపి ఆర్.ఎన్.ఏ. రూపమున నుండును. లోపల ప్రవేశించిన పిమ్మట ఆ లిపిని డి.ఎన్.ఏ.గా తిరుగవ్రాయును. ఇట్లు వ్రాయగల ఎంజైము కలదని 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ వేరువేరుగా కనుగొనిరి. తిరుగవ్రాసిన ప్రతి కేంద్రకములోనికి పోయి మన డి.ఎన్.ఏ.లో అతుకుకొనును. అది మొదలు ఆ కణము వైరస్ ఆజ్ఞలను గూడ తనవిగానే నెరవేర్చును. కొత్త వైరస్‌లు కణపు పొరనుండి మొగ్గలవలె పొడచూపి, తెగిపోయి, వేరు కణములను వెదకుకొనును.

ఇప్పుడు మన రక్షణ సంగతి. రక్తములోని తెల్లకణములను, అవి తయారుచేయు ప్రతిరక్షకములను గూర్చి చాలమందికి తెలియును. కణమునకు లోపల వేరొక కావలి కలదన్న సంగతి అంత ప్రసిద్ధము కాదు. ఊరిపేరులోనే పెద్ద కొలను గల పెనుగొలను వంటి గ్రామమువారికి ఒక్క పోలికతో దీనిని చెప్పవచ్చును. చెరువునకు కట్ట ఎంత ముఖ్యమో తూము కడ మనిషియు అంత ముఖ్యము. కట్ట వరదను ఆపును. తూము కడ మనిషి లోపలికి పోవు ప్రతి చుక్కను కనిపెట్టియుండును. రక్తములోని సైన్యము కట్టవంటిది. ప్రతి కణములోను తూము కడ మనిషివలె మెలకువగా నుండు మాంసకృత్తులు వేరుగా కలవు. వైరస్ చొరబడిన జాడ తగిలినంతనే కణము ఇంటర్‌ఫెరాన్ అను పదార్థమును వెలువరించును. ఇది ఇరుగుపొరుగు కణములకు దండోరా. దీనిని 1957లో లండన్ నగరమున అలిక్ ఐజక్స్, జీన్ లిండెన్‌మన్ కనుగొనిరి. దండోరా విన్న కణములు తమ కావలివారి సంఖ్యను పెంచుకొనును.

కథ ముందుకు సాగుటకు కణములోని మరియొక ఏర్పాటును తెలిసికొనవలయును. ప్రతి కణములోను కాలము చెల్లిన మాంసకృత్తులు, వంకరగా తయారైన మాంసకృత్తులు నిత్యము పోగుపడుచుండును. వానికి యుబిక్విటిన్ అను చిన్న పదార్థమును చీటీవలె అంటించుటకు కొన్ని ఎంజైములు నియమింపబడియున్నవి. చీటీపడిన మాంసకృత్తి ప్రోటియాసోమ్ అను గానుగలోనికి పోయి ముక్కలగును. ఈ ఏర్పాటును కనుగొన్న ఆరన్ చీఖనోవర్, అవ్రామ్ హెర్ష్‌కో, ఇర్విన్ రోజ్ అను మువ్వురకు 2004లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. చీటీ ఎవరికి అంటింపవలయునో నిర్ణయించుట అత్యంత జాగ్రత్తతో జరుగు పని. హెచ్.ఐ.వి. చేయు ముఖ్యమైన మోసము ఇచ్చటనే యున్నది. అది కావలివారిని స్వయముగా చంపదు. వారి వీపున చీటీ అంటింపజేసి కణము చేతనే గానుగలోనికి పంపించును.

మొదటి ఉదాహరణము విఫ్. 1990లలో ఒక చిక్కు శాస్త్రజ్ఞులను వేధించినది. విఫ్ లేని వైరస్ కొన్ని రకముల కణములలో సుఖముగా పెరుగును, మరికొన్నింటిలో పెరుగదు. దీనికి కారణములు రెండు విధములుగా ఊహింపవచ్చును. మొదటి రకపు కణములలో వైరస్‌కు సాయపడు వస్తువేదైన నుండవలెను. లేదా రెండవ రకపు కణములలో అడ్డుపడు వస్తువు నుండవలెను. ఏది నిజమో తెలియుటకు రెండు రకముల కణములను కలిపి ఒకటిగా చేసి చూచిరి. జంటకణములో విఫ్ లేని వైరస్ పెరుగలేదు. కావున అడ్డుపడు వస్తువు కలదని 1998లో రూఢియైనది. ఆ వస్తువును 2002లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున ఆన్ షీహీ, మైకేల్ మాలిమ్, వారి సహచరులు పట్టుకొనిరి. దాని పేరు ఎపొబెక్-3జి.

ఈ కావలివాని పద్ధతి చాల చమత్కారమైనది. కొత్త వైరస్ కణమునుండి బయలుదేరునపుడు ఎపొబెక్ దానితోబాటు మూటలో కూర్చుండి ప్రయాణము చేయును. ఆ వైరస్ తరువాతి కణములో తన లిపిని డి.ఎన్.ఏ.గా వ్రాయుటకు మొదలిడగానే లేచి అక్షరములను దిద్దనారంభించును. డి.ఎన్.ఏ. లిపిలో ఏ, టి, జి, సి అని నాలుగక్షరములు. ఎపొబెక్ మొదటి పేటలోని సి అక్షరములను వేరొక అక్షరముగా మార్చివేయును. దాని ఫలితముగా జతపేటలో జి ఉండవలసిన అనేక చోట్ల ఏ వచ్చి కూర్చుండును. ఇట్లు తప్పులతడకయైన వ్రాతనుండి పనికివచ్చు వైరస్ పుట్టదు. కరణము చేతి దస్తావేజులో సర్వే నంబర్లన్నియు మారిపోయినచో ఆ దస్తావేజు ఎట్లు చెల్లదో ఇదియు నట్లే.

దీనికి విఫ్ చేయు ప్రతిక్రియ యేమి? విఫ్ ఒక చేతితో ఎపొబెక్‌ను పట్టుకొనును. రెండవ చేతితో చీటీలంటించు ఎంజైముల గుంపును పట్టుకొనును. ఆ పట్టు నిలుచుటకు కణములో వేరు పనిమీదనున్న సి.బి.ఎఫ్.-బీటా అను మాంసకృత్తిని గూడ లాగి ఆసరాగా పెట్టుకొనును. కావలివానికిని, చీటీలవానికిని సహజముగా ఏ వైరమును లేదు. మధ్య నిలిచి వారిని ముఖాముఖి చేయునది విఫ్. చీటీపడిన ఎపొబెక్ గానుగ పాలగును. కొత్త వైరస్ మూటలో కావలివాడు లేక నిర్భయముగా సాగిపోవును. నిజమునకు విఫ్‌లో ఎపొబెక్‌ను ముక్కలు చేయగల కత్తి యేదియు లేదు. ఉన్నదంతయు రెండు వైపుల పట్టుకొను నేర్పు మాత్రమే.

రెండవ కావలివాడు టెదరిన్. న్యూయార్క్ నగరమున పాల్ బీనియాజ్ బృందమువారును, శాన్‌డియాగోలో జాన్ గ్వాటెల్లీ బృందమువారును 2008లో దీని పనిని వెల్లడించిరి. ఇది పలుపుత్రాడు వంటిది. దీని రెండు కొనలును పొరలో నాటుకొనియుండును. వైరస్ మొగ్గ తొడిగి కణమునుండి విడిపోవునపుడు ఒక కొన కణపు పొరలోను, రెండవది వైరస్ పొరలోను చిక్కుకొనును. గుంజకు కట్టిన దూడవలె వైరస్ కణము పైననే వ్రేలాడుచుండును, దూరము పోజాలదు. వి.పి.యు. అను సహాయక మాంసకృత్తి ఈ పలుపును కణపు ఉపరితలమునకు రానీయక లోపలనే ఆపి, చీటీ అంటింపజేసి, పారవేయు సంచులలోనికి మళ్లించును.

టెదరిన్ కథలో మానవజాతి చరిత్రయు కొంత యిమిడియున్నది. హెచ్.ఐ.వి.-1లో లోకమంతట వ్యాపించిన శాఖ కామెరూన్ దేశపు ఆగ్నేయ భాగమున చింపాంజీలనుండి మనుష్యులకు ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో దాటివచ్చినదని లిపిపరిశోధనలు తెలుపుచున్నవి. చింపాంజీలలో టెదరిన్‌ను త్రోసివేయు పని నెఫ్ చేయుచుండెను. కాని మానవుని టెదరిన్‌లో నెఫ్ పట్టుకొనవలసిన చోట ఐదు అమైనో ఆమ్లములు లేవు. పిడి లేని చెంబును పట్టుకొనబోయినట్లు నెఫ్ పట్టు జారినది. ఆ లోపమును వి.పి.యు. పూరించుకొన్నది. మనుష్యులలో అడుగిడిన వైరస్ శాఖలు పెక్కు గలవు. ఈ విద్యను బాగుగ నేర్చిన శాఖయే ఖండములు దాటినది. మన శరీరము బలహీనమని అనుటకు ముందు ఈ మాట తలచుకొనవలెను. శత్రువు మన కోటను గెలుచుటకు కొత్త విద్య నేర్వవలసివచ్చినది.

మూడవ కావలివాని పేరు సామ్‌హెచ్‌డి-1. దీనిని 2011లో ఫ్రాన్సు దేశపు బృందమొకటియు, అమెరికా బృందమొకటియు గుర్తించినవి. ఇది శత్రువుపై చేయి వేయదు. ఇటుకలు అందకుండ చేయును. డి.ఎన్.ఏ. వ్రాతకు వలసిన ముడిసరుకు మూడేసి ఫాస్ఫేటులు తగిలించుకొన్న చిన్న అణువులు. సామ్‌హెచ్‌డి-1 ఆ మూడు ఫాస్ఫేటులను ఒక్కసారిగ ఊడగొట్టివేయును. విభజన పొందక విశ్రాంతిగా నున్న కణములలో, ముఖ్యముగా రోగక్రిములను మ్రింగు పెద్ద తెల్లకణములలో, ఇది ఇటుకల నిలువను ఎంతో తగ్గించియుంచును. తిరుగవ్రాత మధ్యలో ఆగిపోవును.

ఈ మూడు ఫాస్ఫేటుల అణువుల కుటుంబమున మిక్కిలి ప్రసిద్ధమైనది ఏ.టి.పి. జీవులన్నింటిలోను శక్తికి నాణెమువలె చెల్లు ఆ పదార్థమును 1929లో హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి వెలువరించినవారిలో మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. తరువాత లెడర్లీ ప్రయోగశాలలలో ఆయన నడిపిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనయు డి.ఎన్.ఏ. ఇటుకల తయారీకి సంబంధించినదే. సుబ్బారావుగారు 1948లో మరణించిరి. హెచ్.ఐ.వి. అను పేరే వారికి తెలియదు. ఐనను కణములో ఇటుకల లెక్క తెలియనిదే నేటి ఈ పరిశోధన అర్థము కాదు.

సామ్‌హెచ్‌డి-1ను జయించు ఆయుధము వి.పి.ఎక్స్. ఇది హెచ్.ఐ.వి.-2లోను, దానికి దగ్గర చుట్టములైన కొన్ని కోతి వైరస్‌లలోను కలదు. పశ్చిమ ఆఫ్రికాలో ఎక్కువగా కనబడు హెచ్.ఐ.వి.-2 మన దేశమునను 1991 నుండి గుర్తింపబడుచున్నది. వి.పి.ఎక్స్. చేయునదియు పాత మోసమే: కావలివానిని చీటీల గుంపునకు అప్పగించుట. ఆ పని కేంద్రకములో జరుగును గనుక వి.పి.ఎక్స్. అచ్చటికి చేరు దారి ముఖ్యమైనది. కోతి వైరస్‌కు చెందిన వి.పి.ఎక్స్. కేంద్రకములోనికి పోవుటకు తోడ్పడు గుర్తు ఎట్టిదో హైదరాబాదులోని డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నొస్టిక్స్ కేంద్రమున ఎస్. మహాలింగంగారును, ఆయన సహచరులును పరిశోధించి 2003లో ప్రకటించిరి. ఆ మాంసకృత్తి అచ్చట ఎవరిని పడగొట్టునో లోకమునకు తెలియుటకు అప్పటికింకను ఎనిమిది సంవత్సరములు గలవు.

ఇచ్చట ఒక వింత. మన దేశమున మిక్కిలి వ్యాపించిన హెచ్.ఐ.వి.-1కు వి.పి.ఎక్స్. లేనే లేదు. దాని వి.పి.ఆర్. ఆ ఎక్స్‌కు తోబుట్టువే యైనను సామ్‌హెచ్‌డి-1ను ముట్టదు. అది వేరు మాంసకృత్తులకు చీటీలు అంటింపజేయుచు, కణవిభజనను ఒక ఘట్టమున నిలిపివేయుచుండును. మరి వి.పి.ఎక్స్. లేని వైరస్ అది గల వైరస్‌కంటె ఎక్కువగా వ్యాపించుటేమి? దీనికి కొందరు శాస్త్రజ్ఞులు చెప్పు ఊహ యుక్తముగనే తోచును. సామ్‌హెచ్‌డి-1 గట్టిగా పనిచేయు కణములలో కొన్ని దండోరా వేయుటలో ప్రవీణములు. అచ్చటికి పోయి గెలిచినచో ఊరంతయు మేల్కొనును. ఆ వీథికే పోకుండుట దొంగకు లాభము. హెచ్.ఐ.వి.-2 సోకినవారిలో చాలమందికి వ్యాధి మెల్లగ ముదురుట ఈ ఊహకు కొంత బలము నిచ్చుచున్నది.

నాలుగవది నెఫ్. ఇది బహురూపి. కణపు ఉపరితలమున నుండవలసిన పెక్కు వస్తువులను లోపలికి లాగివేయుట దీని వృత్తి. సెరింక్-5 అను కావలివాడు కొత్త వైరస్ పొరలో చేరినచో ఆ వైరస్ తరువాతి కణమునకు సరిగా అతుకుకొనలేదు. నెఫ్ ఆ సెరింక్‌ను ముందుగనే ఉపరితలమునుండి తొలగించునని 2015లో ఇటలీ, అమెరికా బృందములు చూపినవి. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ప్రతి కణమును తన లోపల తయారగు మాంసకృత్తుల తునకలను ఉపరితలమున పళ్లెములలో పెట్టి చూపుచుండును. గస్తీ తిరుగు తెల్లకణములు ఆ పళ్లెములలో పరాయి తునక కనబడినచో ఆ కణమును చంపివేయును. నెఫ్ ఈ పళ్లెములనే లోనికి లాగివేయును.

కాని పళ్లెములన్నియు మాయమైనచో అనుమానించు గస్తీవారు వేరుగా కలరు. వారిని సహజ హంతక కణములందురు. ఏ పళ్లెమును చూపని కణమును వారు చంపుదురు. నెఫ్ ఈ సంగతి నెరిగినట్లే ప్రవర్తించును. పరాయి తునకలను విరివిగా చూపు ఏ, బి రకముల పళ్లెములను తీసివేయును; హంతక కణములను శాంతింపజేయు సి, ఇ రకములను చాలవరకు ఉండనిచ్చును. దీపము పూర్తిగా ఆర్పినచో ఇరుగుపొరుగువారికి అనుమానము గలుగునని వత్తి తగ్గించినట్లున్నది ఈ నేర్పు. వైరస్‌కు తెలివి లేదు. కోట్లకొలది ప్రతులలో పనికివచ్చినది నిలిచినది, పనికిరానిది పోయినది. నిలిచినవానిని చూచి మనకు తెలివివలె తోచును.

నెఫ్ విలువ ఎంతటిదో ఆస్ట్రేలియాలో జరిగిన యొక సంగతి తెలుపును. 1980ల తొలి సంవత్సరములలో, రక్తపరీక్ష ఇంకను రాని కాలమున, సిడ్నీ ప్రాంతమున ఒక రక్తదాతకు తెలియకుండనే ఆయన రక్తము ద్వారా పలువురకు హెచ్.ఐ.వి. సోకినది. వారు సంవత్సరములకొలది ఆరోగ్యముగనే యుండిరి. 1995లో వారి వైరస్ లిపిని చదువగా అందు నెఫ్ జన్యువులో కొంత భాగము ఊడిపోయియున్నట్లు తేలినది. ఒక్క సహాయక మాంసకృత్తి చెడిపోగానే మన కావలి అంతకాలము నిలువగలిగినది. ఐనను వారిలో కొందరికి తరువాతి కాలమున సి.డి.4 కణములు తగ్గనారంభించినవి. కావున నెఫ్ కోల్పోయిన వైరస్‌ను గూడ నమ్మరాదని వైద్యులు గ్రహించిరి.

ఈ వృత్తాంతమునుండి మన గ్రామములకు ఉపయోగపడు సంగతులేవి? మొదటిది, హెచ్.ఐ.వి. సోకుట ఒంటి సత్తువకు సంబంధించినది కాదు. వస్తాదుకైనను ఇవే కావలివారు, పసిపాపకైనను ఇవే. బలపు లేహ్యములవలన, చూర్ణములవలన ఎపొబెక్‌కు అంటిన చీటీ ఊడిపోదు. ఏ మందు తిన్నను నెమ్మది లేక, అసలు మందు మాని, ఇట్టివానికి డబ్బు పోసి ప్రాణము మీదికి తెచ్చుకొన్నవారి కథలు మనకు క్రొత్త గావు. రెండవది, ఇది నడవడికి శిక్ష కాదు. భర్తనుండి భార్యకు, తల్లినుండి బిడ్డకు, పరీక్షింపని రక్తమునుండి నిరపరాధికి సోకిన ఈ వైరస్ ఎవరి తప్పొప్పులను లెక్కచూడదు. కలిసి భోజనము చేసినందున, ఒకే చెంబు నీరు త్రాగినందున ఇది అంటదు.

మూడవది మందు విలువ. ఈ వ్యాసము వ్రాయునాటికి సహాయక మాంసకృత్తులను అడ్డగించు మందేదియు వాడుకలోనికి రాలేదు. విఫ్ పట్టును విడిపింపగల పదార్థములకై పరిశోధన సాగుచున్నది. ఇప్పుడు వాడు మందులు వేరొక దారిన పనిచేయును. తిరుగవ్రాయు ఎంజైమును కొన్ని, అతుకువేయు ఎంజైమును కొన్ని ఆపివేయును. మన దేశమున 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము ఈ మందులను ఉచితముగా నిచ్చుచున్నది. సి.డి.4 సంఖ్య ఎంతయైనను వైరస్ ఉన్నట్లు తేలినవారికందరకు చికిత్స మొదలిడవలెనని 2017లో నిర్ణయించిరి. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ అను మూడును కలిసిన ఒక్క మాత్ర దినమున కొక్కసారి చాలమందికి చాలును.

ఆ మాత్రను మానరాదు. వైరస్ తన లిపిని వ్రాయునపుడు తప్పులు చేయుచునే యుండును. మందు రక్తములో చాలినంత యున్నంతకాలము ఆ తప్పులు దానికి పనికిరావు. మధ్యమధ్య మానినచో అరకొర మందును తట్టుకొను ప్రతి పుట్టి నిలుచును. క్రమముగా వాడినవారి రక్తములో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గును. అట్లు తగ్గి నిలిచినవారినుండి దాంపత్యమున రెండవవారికి వైరస్ సోకదని 2016, 2019 సంవత్సరములలో ప్రకటింపబడిన ఐరోపా పరిశోధనలు చూపినవి. గర్భిణికి సకాలమున మందిచ్చి, బిడ్డకును ఇచ్చినచో, ఏ రక్షణయు లేనపుడు నూటికి 15 నుండి 45 వరకు నుండు అపాయము నూటికి 5 కంటె తక్కువకు దిగును.

ఈ మందుల తయారీలో తెలుగునేలకు పేరు గలదు. హైదరాబాదులో నెలకొన్న అరబిందో, హెటెరో వంటి సంస్థల మందులు ఆఫ్రికా దేశములకు ఎగుమతి యగుచున్నవి. వైరస్ తన లిపిని ఒక గట్టి పెంకులో దాచుకొని కణములోని వేగులవారి కంటబడకుండ కేంద్రకమువరకు పోవును. ఆ పెంకును పట్టుకొను లెనకాపవిర్ అను మందును ఆరునెలల కొకసారి సూదిగా ఇచ్చినపుడు, దక్షిణాఫ్రికా, ఉగాండా దేశములలో 2,134 మంది స్త్రీలలో ఒక్కరికిని వైరస్ సోకలేదని 2024లో తెలిసినది. దీనిని మనిషికి సంవత్సరమునకు సుమారు 40 డాలర్ల ధరకు 2027 నుండి అందించుటకు డాక్టర్ రెడ్డీస్, హెటెరో సంస్థలు 2025 సెప్టెంబరులో ఒప్పందములు ప్రకటించినవి.

2021 నాటి జాతీయ అంచనాల ప్రకారము దేశమున వయోజనులలో నూటికి 0.21 మందికి హెచ్.ఐ.వి. కలదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ అంకె 0.67, అనగా దేశపు సగటుకు మూడింతలు. వేయిమందిలో ఆరేడుగురన్నమాట. ఈ లెక్కను చూచి బెదరవలసిన పని లేదు గాని, మన వీథిలో లేదని అనుకొనరాదు. 2017లో చేయబడి 2018 సెప్టెంబరు 10 నుండి అమలునకు వచ్చిన చట్టము ప్రకారము ఒకరి అనుమతి లేక పరీక్ష చేయుట, ఫలితమును బయటపెట్టుట, సోకినవారిని ఉద్యోగమునుండి గాని, బడినుండి గాని త్రోసివేయుట నేరములు, లేదా నిషిద్ధములు. ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్ష ఉచితము. సలహా కావలసినవారు 1097 నంబరుకు ఖర్చు లేకుండ టెలిఫోను చేయవచ్చును.

ఎపొబెక్, టెదరిన్, సెరింక్ మొదలైన కావలివారు మందు వాడువారి కణములలోను, వాడనివారి కణములలోను ఒకే విధముగ మేల్కొనియే యుందురు. మందు వైరస్ రాకను ఆపినచో సేనానులైన సి.డి.4 కణములు మరల వృద్ధిబొందును. ఆలస్యముగా మొదలిడినవారికంటె ముందుగా మొదలిడినవారిలో ఈ వృద్ధి బాగుగ నుండును. కావున పరీక్షకు సందేహింపక పోవలెను. మాత్ర మొదలిడినవారు ఒంట్లో నెమ్మదిగా నున్న దినములలోను దానిని వేసికొనవలెను.